నీళ్ల ట్యాంకు మూత

పేతురు బొగ్గుబాయిలో పనిచేసినంత కాలం కంపెనీ క్వార్టర్‌లోనే ఉన్నాడు. రిబ్కమ్మ కాపురానికి వచ్చింది ఆ క్వార్టర్‌కే. ఆడపిల్లలిద్దరూ పుట్టిందీ, పెళ్లిళ్లయి అత్తగారిళ్లకు వెళ్లిందీ అక్కడినుంచే. కరెంటు కంపెనీది, నీళ్లు కంపెనీవి, గోడలు కంపెనీవి. గోడకు చెమ్మ ఎక్కితే ఆ చెమ్మ కూడా కంపెనీదే. పేతురు చేయాల్సిందల్లా మరమ్మతులు చూసే సివిల్ ఆఫీసుకు వెళ్లి చెప్పి రావడం. చెప్పాక ఎదురుచూడడం, చూసి చూసి విసిగి మళ్లీ వెళ్లడం, తిట్టుకుంటూ తిరిగి రావడం, ఇవన్నీ ఆ చెప్పి రావడంలో భాగమే.

ఆ ఆఫీసులో ఒక గుమాస్తా ఉండేవాడు. ఎవరు ఏం మొరపెట్టుకున్నా తల ఎత్తేవాడు కాదు. "చూస్త, నువ్వు పో" అనేవాడు. కప్పు కారుతోందంటే చూస్త. మోరీ పొంగి వంటింట్లోకి వస్తోందంటే చూస్త. ఒక వానాకాలమంతా రిబ్కమ్మ మంచం మీద గిన్నెలు పరిచి, తాను నేల మీద పడుకుంది. పోనీ మనమే ఒక రేకు కప్పుకుందామంటే అదీ వీల్లేదు. క్వార్టర్‌కు ఎవరూ చెయ్యి పెట్టకూడదు, ఏదున్నా ఆఫీసుకే చెప్పాలి. "నాకంటూ ఒక ఇల్లుంటే గీని మొకం ఎందుకు చూస్త" అని పేతురు పళ్లు నూరేవాడు. బాయిలో పై అధికారులు తిట్టినా ఆయనకు అంత కోపం వచ్చేది కాదు.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేశాడు. చేసిన తీరు చెప్పుకోవాల్సిందే. ఆఫీసు కంట పడకుండా తాను పెట్టించిన కుళాయిలు ఊడదీశాడు. ఫ్యాను కొక్కేలు పీకాడు. వెనక తలుపు గడియ పీకాడు. చివరికి పెరట్లోని మల్లెపొదను కూడా వేళ్లతో సహా పెకలించి గోనెసంచిలో కట్టుకున్నాడు. గోడల నిండా బొక్కలు మిగిలాయి.

"ఎనుక వచ్చేటోల్లు ఏమనుకుంటరయ్యా" అంది రిబ్కమ్మ.

"వచ్చేటోల్లు సివిల్ ఆఫీసుల చెప్పుకుంటరు తియ్" అన్నాడు పేతురు. మల్లెపొద మాత్రం దారిలోనే వాడి చచ్చింది.

సుల్తానాబాద్‌లో కొన్న ఇల్లు ఎవరో కట్టుకుని కొన్నాళ్లుండి అమ్ముకున్నది. రెండు వాటాలు. ముందు వాటా తమకు, వెనక వాటా కిరాయికి. బయటినుంచి డాబా మీదికి మెట్లు, మెట్ల మొదట్లో ఇనుప గేటు, డాబా మీద ఒక్కో వాటాకు ఒక్కో నీళ్ల ట్యాంకు. పాస్టరు గారొచ్చి ప్రతిష్ఠ ప్రార్థన చేసిన రోజు కరెంటు మనిషి వచ్చి "ఓనర్ మీరేనా?" అని అడిగాడు. పేతురు ఆ మాటను రెండోసారి అడిగించుకుని మరీ విన్నాడు.

ఆ సంబరం మొదటి వాన దాకా ఉంది. వానతో పాటే మోటారు కాలిపోయింది. తర్వాత మోరీలో ఆకులు చేరి నీళ్లు వాకిట్లోకి ఎదురొచ్చాయి. కిటికీ చెక్కకు చెదలు పట్టింది. మరుగుదొడ్డి తలుపు ఉబ్బి మూసుకోవడం మానేసింది. మోరీ పొంగిన రోజున పేతురు కోపంగా చొక్కా తొడుక్కుని, చెప్పులు వేసుకుని, వాకిలి దాకా వచ్చి ఆగిపోయాడు. ఎక్కడికి పోవాలి? ఎవరికి చెప్పాలి? కాసేపు అలాగే నిలబడి, చొక్కా విప్పి మళ్లీ కొక్కేనికి తగిలించాడు. క్వార్టర్‌లో కప్పు కారితే తిట్టుకుంటూనైనా నిద్రపోయేవాడు. ఇక్కడ ఎక్కడో ఒక చుక్క కారుతున్న చప్పుడైతే అది తన గుండె మీదే పడుతున్నట్టుండేది. అయినా ఓనరన్న మాట మీద మమకారం తగ్గలేదు. అందుకే చేయాల్సిన పనులను రేపటికి, ఎల్లుండికి నెట్టుకుంటూ, ఓనరుగా మాత్రం రోజూ ఉండేవాడు.

వెనక వాటాలోకి సంపత్, నవీన దిగారు. సంపత్ రైసుమిల్లులో పనిచేస్తాడు, నవీన ఇంట్లో జాకెట్లు కుడుతుంది. వాళ్లకొక్కతే కూతురు అమూల్య, ఇంకా బడికి పోయే వయసు రాలేదు. సామాను దించుతుండగానే పేతురు వాకిట్లో నిలబడి ఓనరు చెప్పాల్సినవన్నీ చెప్పాడు.

"గోడలకు మొలలు కొట్టొద్దు. స్లాబు మీదికి పోవద్దు. ఇంటికి మీరు చెయ్యి పెట్టొద్దు, ఏదున్నా నాకు చెప్పాలె."

"సరే కాకా" అన్నాడు సంపత్.

తెల్లారి వెనకనుంచి సుత్తి చప్పుడు వినపడింది. పేతురు తింటున్న పళ్లెం ముందునుంచి లేచి పరుగెత్తాడు. నవీన అద్దం కోసం సంపత్ ఒక మొల కొట్టాడు, ఒక్కటే. పేతురు గల్లీలో వాళ్లంతా తొంగిచూసేలా అరిచాడు. "నిన్ననే చెప్పిన గదా, చెవులల్ల ఏం పెట్టుకున్నవ్? నీ ఇంట్ల కొట్టుకుంటవా గిట్ల?" అన్నాడు. సంపత్ మొల ఊడబీకి జేబులో వేసుకున్నాడు. నవీన ఆ అద్దాన్ని కుట్టుమిషను మీద గోడకు ఆనించి పెట్టుకుంది. ఇంటికి చెయ్యి పెట్టొద్దన్న ఆ రూలు తనకు ఎక్కడిదో పేతురుకు అప్పుడు తట్టనే లేదు.

ఎండాకాలం చివర ఒక సాయంత్రం పెద్ద గాలిదుమారం లేచింది. అది తగ్గాక సంపత్ నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి చేతిలో పట్టుకుని ముందు వాకిట్లోకి వచ్చాడు.

"కాకా, మా దిక్కు ట్యాంకు మూత గాలికి లేసి గల్లీల పడ్డది."

"అక్కడ పెట్టు" అన్నాడు పేతురు, మడత కుర్చీలోంచి.

"జర అంచు పగిలింది. మెట్ల తాళమిస్తే నేనే పోయి కప్పి తీగతోని కట్టేస్త కాకా."

"వద్దొద్దు. స్లాబు ముందే పగుళ్లు పట్టి ఉన్నది. అందరు తొక్కితే ఇంకింత విచ్చుకుంటది. నేను చూస్త, నువ్వు పో."

సంపత్ మూతను మెట్ల కింద ఆనించి వెళ్లిపోయాడు. పేతురుకు మోకాళ్ల నొప్పి. ఇవాళ ఎక్కుదాం, రేపు ఎక్కుదాం అనుకున్నాడు. తన వాటా ట్యాంకు మూత గట్టిగానే ఉంది, తన కుళాయిలో నీళ్లు తేటగానే వస్తున్నాయి, కాబట్టి ఆ రేపు ఎంతకీ రాలేదు. సంపత్ మళ్లీ అడిగాడు. వానలు మొదలయ్యాక ఇంకోసారి అడిగాడు. రెండుసార్లూ పేతురు అదే మాట అన్నాడు. ఆ తర్వాత అతను అడగడం మానేశాడు. అడిగేవాళ్లు మానేస్తే పని అయిపోయినట్టే ఉంటుంది, పేతురుకూ అలాగే అనిపించింది. ఈలోగా రిబ్కమ్మకు ఆ మూత అక్కరకొచ్చింది. కోళ్ల గంప మీద బోర్లిస్తే సరిగ్గా సరిపోయింది.

పొద్దున్నే ఆ మూత తీసేది అమూల్యే. నిద్ర లేవగానే జుట్టు రేగిన తలతో వచ్చి, రెండు చేతులా మూత పైకెత్తి, కోళ్లు బయటికి దూకుతుంటే కిలకిలా నవ్వేది. "తాతా, అన్ని పోయినయ్" అని పేతురుకు వచ్చి చెప్పేది. మనవలు దూరంగా ఉన్న పేతురుకు ఆ పిల్ల రానిదే పొద్దు పొడిచినట్టుండేది కాదు. వానలు ముదిరాక ఆ పిల్లకు కడుపు చెడింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేది. విరేచనాలు, జ్వరం, తిన్నది తిన్నట్టు కక్కుకోవడం. కరీంనగర్ తీసుకెళ్లి చూపించారు. నీళ్ల వల్ల కావచ్చు, జాగ్రత్తగా ఉండండి అన్నారట డాక్టరు. తాగేవి క్యాను నీళ్లే గదా అని నవీన దిక్కుతోచక ఏడ్చింది. మూత ఎత్తడానికి వచ్చే పిల్ల రాను రాను రావడం తగ్గించింది. వచ్చినా ఎత్తలేక రిబ్కమ్మను పిలిచేది. "బక్కగయ్యింది పోరి" అని రిబ్కమ్మ బాధపడితే పేతురూ బాధపడ్డాడు. ఆ బాధ నిజమైనదే. ఆ పిల్ల ఎత్తుతున్నది ఏ మూతో మాత్రం ఆయన ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

చర్చి సంఘంలో వారానికొకరి ఇంట్లో గృహకూడిక పెట్టుకుంటారు. పాటలు పాడుకుని, వాక్యం విని, ఒక్కొక్కరూ తమ కష్టం చెప్పుకుంటే అందరూ కలిసి దాని కోసం ప్రార్థిస్తారు. ఆ వారం పేతురు ఇంటి వంతు వచ్చింది. క్వార్టర్‌లో ఉన్నన్నాళ్లు ఇరుకు గదిలో మోకాళ్లు తగులుకుంటూ కూర్చోబెట్టిన మనిషి, ఇప్పుడు సొంతింట్లో, సొంత వాకిట్లో అందరినీ కూర్చోబెట్టబోతున్నాడు. ముందు గోడలకు సున్నం వేయించాడు. వెనక గోడలకు వేయించలేదు, అటు ఎవరు చూస్తారు? వాన పడితే ఇబ్బంది కాకుండా వాకిలి మీద టార్పాలిన్ కట్టాలనుకున్నాడు. తాళ్లు డాబా పిట్టగోడకు కట్టాలి. అందుకని ఆ రోజు పొద్దున, మోకాళ్లు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద ఆగుతూ, గాలిదుమారం తర్వాత మొదటిసారి డాబా ఎక్కాడు.

ముందు వాసన తగిలింది. ఏమిటా అని వెనక ట్యాంకు దగ్గరికి వెళ్లి, నోరు తెరుచుకుని ఉన్న దానిలోకి వంగి చూశాడు. నీళ్ల మీద పచ్చగా పాచి తేలుతోంది. పాచిలో ఈకలు. ఒక పావురం ఉబ్బిపోయి వెల్లకిలా తేలుతోంది. అడుగున ఇంకేదో నల్లగా కనిపించింది, అదేమిటో చూడడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

పిట్టగోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. వాకిట్లోని కోళ్ల గంపా, ఆ పిల్ల రెండు చేతులా ఎత్తే నల్ల మూతా అప్పుడు కళ్లలో మెదిలాయి. కింద కుట్టుమిషను చప్పుడు అవుతోంది. ఇప్పుడే దిగి నవీనకు చెప్పాలి, ఆ నీళ్లు ముట్టొద్దని చెప్పాలి, అనుకున్నాడు. అలా అనుకోవడమైతే అనుకున్నాడు. కానీ ట్యాంకు ఖాళీ చేస్తే ఆ కంపంతా గొట్టం వెంబడి ముందు వాకిట్లోకే వస్తుంది. సాయంత్రానికి పాస్టరు గారూ, సంఘస్తులూ వస్తారు. సంపత్ ఏమంటాడు? మూడుసార్లు అడిగాను గదా అనడూ? జనం ముందు అంటే? ఒక్క పూట, రేపు తెల్లారగానే కడిగించేద్దాం, ఇన్నాళ్లు వాడినవాళ్లకు ఇంకొక్క పూటలో ఏమవుతుంది, అని తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. మూలనున్న రేకు ముక్క ట్యాంకు నోటికి అడ్డం పెట్టి, మీద ఇటుక పెట్టి, టార్పాలిన్ తాళ్లు కట్టి దిగొచ్చాడు. మెట్ల గేటుకు తాళం వేశాడు.

దిగేసరికి రిబ్కమ్మ వెనక వాటా గుమ్మంలో ఉంది. నవీన పెద్ద గంజులో శనగలు పోసి కుళాయి కింద కడుగుతోంది.

"అయ్యా, సాయంత్రం మందికి గుడాలు నవీననే చేస్తనన్నది. నా చేతులు నొస్తున్నయ్ గదా" అంది రిబ్కమ్మ సంతోషంగా.

"గంత మందికి మీరొక్కరు ఏం చేస్తరు చిన్నమ్మా, నాకేం కష్టం" అంది నవీన. పిల్ల జబ్బుతో ముఖం పీక్కుపోయినా, ఆ రోజు కాస్త తేరుకున్నట్టుంది.

పేతురు ఆ గంజులోకి చూశాడు. శనగల మీద తేటగా కనిపిస్తున్న నీళ్లను చూశాడు.

"వద్దు" అన్నాడు.

ఇద్దరూ తల తిప్పి చూశారు.

"గుడాలొద్దు. నేను బిస్కెట్లు తెస్త. నువ్వు... నువ్వు వండకు బిడ్డా."

కారణం చెప్పలేదు. చెప్పకుండా వెనుదిరిగాడు. నవీన ముఖంలో నెత్తురు చుక్క లేకపోవడం వెళ్తూ వెళ్తూ చూశాడు. తమ చేతి వంట సంఘస్తులకు పనికిరాదన్నట్టుగా ఆమె అర్థం చేసుకుందని ఆయనకు తెలుసు. తెలిసీ ఆగలేదు. ఆ గంజు పక్కనే పీట మీద అమూల్య కూర్చుని, తల్లి పోసిన చెంబెడు నీళ్లతో ముఖం కడుక్కుంటోంది. ఆ చెంబు వద్దని మాత్రం ఆయన అనలేకపోయాడు. అనలేదు.

సాయంత్రం కూడిక బాగానే మొదలైంది. వాకిలి నిండా చాపలు, చాపల నిండా జనం. పాటలయ్యాయి. పాస్టరు ప్రేమ్‌చంద్ వాక్యం చెప్పాడు. పేతురు మొదటి వరసలో కూర్చున్నాడు, కానీ ఒక్క ముక్క చెవికెక్కలేదు. గాలి అటునుంచి ఇటు వీచినప్పుడల్లా డాబా మీది వాసన తనకే వస్తోందా, అందరికీ వస్తోందా అని ఉలిక్కిపడుతున్నాడు. సంపత్, నవీన వీధి గేటు దగ్గర చివరగా కూర్చున్నారు. వాళ్లు సంఘస్తులు కారు, రిబ్కమ్మ బలవంతం మీద వచ్చారు. పొద్దున జరిగినదాని తర్వాత నవీన రానందట, రిబ్కమ్మే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అమూల్య తల్లి ఒళ్లో వాలిపోయి ఉంది.

మనవులు మొదలయ్యాయి. ఒకామె కొడుకు ఉద్యోగం కోసం చెప్పుకుంది, ఒకాయన నడుము నొప్పి చెప్పుకున్నాడు. పాస్టరు చివరి దాకా చూసి, "గేటు కాడ కూసున్న చెల్లే, నీకేమన్న మనవి ఉన్నదామ్మా?" అన్నాడు.

నవీన సిగ్గుపడి లేచింది. "నా బిడ్డ పానం మంచిగ లేదు సార్" అంది. "ఎన్ని మందులు పోసినా కడుపు నిలుస్తలేదు. తాగవెట్టేవి క్యాను నీళ్లే. అయితే గీ పోరి తానం చేసేటప్పుడు చెంబుల నీళ్లు తాగుతది, ఎంత కొట్టినా ఇనది. నా దిక్కే తప్పున్నదో ఏమో తెల్వది."

రిబ్కమ్మ కళ్లొత్తుకుంది. పాస్టరు లేచి నిలబడ్డాడు. "ఈ కప్పు కింద ఉన్న బిడ్డ. ఈ ఇంటికి యజమాని పేతురన్న ఉన్నడు. ప్రార్థనల సంఘంలనే పేతురన్న అంత మంచిగ చేసేటోల్లు లేరు. అన్నా, మీరే చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యుండ్రి" అన్నాడు.

కాదనడానికి లేదు. నవీన పిల్లను ఎత్తుకుని జనం మధ్యనుంచి వచ్చి ఎదురుగా నిలబడింది. అందరూ కళ్లు మూసుకున్నారు. పేతురు చెయ్యి ఎత్తి పిల్ల తల మీద పెట్టాడు. తల వేడిగా ఉంది. పిల్లకు కళ్లు మూసుకోవాలని తెలియదు, ఆయన ముఖంలోకే చూస్తోంది.

"దయగల ప్రభువా" అని మొదలుపెట్టాడు. అలవాటైన మాటలు వాటంతటవే వచ్చాయి. "ఈ చిన్న బిడ్డను నీ సన్నిధికి తెచ్చినం తండ్రీ. ఈ బిడ్డ కడుపుల ఉన్న ఈ రోగం ఎక్కడికెల్లి వచ్చిందో నీకు ఎరుక తండ్రీ..."

అక్కడ ఆగిపోయాడు. ప్రార్థన ఆగితే అందివ్వడం సంఘం అలవాటు, నలుగురైదుగురు "ప్రభువా, ప్రభువా" అన్నారు. పేతురు కళ్లు తెరిచాడు. పిల్ల తల మీదుగా చూస్తే మెట్ల కింద కోళ్ల గంప, దాని మీద బోర్లించిన నల్లటి మూత కనిపించాయి. ఎన్నో ఏళ్ల కిందటి ఆ గుమాస్తా గుర్తొచ్చాడు. తల ఎత్తకుండా "చూస్త, నువ్వు పో" అనేవాడు. ఆ గొంతు ఇప్పుడు ఎవరిదో పేతురుకు తెలిసిపోయింది. తల కొట్టేసినట్టయింది. భూమి నోరు తెరిస్తే అందులోకి దిగిపోవాలనిపించింది.

"ట్యాంకుల పావురం సచ్చి పడ్డది" అన్నాడు.

కళ్లు మూసుకున్నవాళ్లకు అదీ ప్రార్థనే. వెనకనుంచి ఎవరో "స్తోత్రం" అన్నారు.

"పేతురన్నా?" అన్నాడు పాస్టరు కళ్లు తెరిచి.

"ప్రార్థన కాదయ్యగారూ." చెయ్యి ఇంకా పిల్ల తల మీదే ఉంది. "నవీనా, మీ దిక్కు ట్యాంకుల పావురం సచ్చింది బిడ్డా. నీళ్లన్ని పురుగులు పట్టినయ్. గా నీళ్లే మీకు వస్తున్నయ్. సంపత్ మూత కప్పుతనంటే నేనే తాళమియ్యలే."

నవీనకు మొదట అర్థం కాలేదు. పిల్లను గట్టిగా గుండెకు అదుముకుంది.

"ఎప్పుడు చూసిన్రు కాకా?"

అబద్ధమాడడానికి ఆ క్షణంలో కూడా మనసు లాగింది. ఇప్పుడే చూశానంటే సగం సిగ్గు తగ్గేది. పేతురు తల వంచుకున్నాడు. "పొద్దుగాల" అన్నాడు.

నవీన కళ్లు అక్కడ పళ్లేల్లో సర్ది ఉన్న బిస్కెట్ల మీదికి వెళ్లాయి. అక్కడినుంచి మళ్లీ ఆయన మీదికి వచ్చాయి.

"అందుకేనా కాకా, గుడాలొద్దన్నది?"

ఆమె అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పిల్లను ఎత్తుకుని జనంలోంచి దారి చేసుకుంటూ వెనక వాటాకు వెళ్లిపోయింది. రిబ్కమ్మ మొగుడి వైపు ఒకసారి చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ చూపు ఆయన ఎన్నడూ ఎరగడు. బిందె తీసుకుని తమ కుళాయి దగ్గరికి వెళ్లి, నింపి, నవీన వెనకే వెళ్లింది.

సంపత్ గేటు దగ్గరనుంచి వచ్చి చెయ్యి చాపాడు. "తాళమియ్యుండ్రి" అన్నాడు, అంతే.

అతను బకెట్టు తీసుకుని మెట్లెక్కాడు. పేతురు కూడా వెనకే, మెట్ల పక్క గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కాడు. ట్యాంకు కింది బిరడా తీస్తే ఆకుపచ్చ నీళ్లు గొట్టం వెంబడి బుసబుసా దిగి, కొత్త సున్నం వేసిన గోడను తడిపి, వాకిట్లో విప్పిన చెప్పుల మధ్యగా పారాయి. జనం ముక్కులకు కొంగులూ చేతిరుమాళ్లూ అడ్డం పెట్టుకుని లేచారు. పొద్దున్నుంచీ ఏది జరగకూడదని ఆయన అంత పాపం మూటగట్టుకున్నాడో అదే, అందరి కళ్లముందే జరిగింది. సంపత్ ట్యాంకులో దిగి చీపురుతో రుద్ది రుద్ది మురికి ఎత్తి బకెట్టులో పోశాడు. పేతురు ఆ బకెట్టు అందుకుని పారబోశాడు. అంతా అయ్యాక సంపత్ కిందికి దిగి, కోళ్ల గంప మీది మూత తీసుకెళ్లి, ట్యాంకుకు కప్పి, తీగతో బిగించి కట్టాడు. తాళం చెవి తెచ్చి, దిగొచ్చి వాకిట్లో కూర్చున్న పేతురు కుర్చీ చేతి మీద పెట్టాడు.

"నీ కాడనే ఉంచుకో కొడుకా" అన్నాడు పేతురు.

"ఎందుకు కాకా" అని వెళ్లిపోయాడు సంపత్.

పిల్లకు నెమ్మదిగా తగ్గింది. మళ్లీ బుగ్గలు వచ్చాయి. వాళ్లు మాత్రం నెలాఖరుకు ఖాళీ చేస్తామని చెప్పారు. పేతురు వెనక గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు. ఏమని ఆపాలో తెలియలేదు. తెలియక, "అద్దానికి మొల కొట్టుకో సంపతూ. ఎన్నన్న కొట్టుకో" అన్నాడు. అన్నాక ఆ మాట తనకే ఎంత చవకగా వినిపించిందో చెప్పలేం.

"వద్దు కాకా. ఇల్లు దొరికింది."

"మంచిగున్నదా?"

"కిరాయి ఇల్లే కాకా. ఎట్లుంటదో పోతే తెలుస్తది" అన్నాడు సంపత్. అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

సామాను ఆటోలోకి ఎక్కుతుంటే అమూల్య ముందు వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. కోళ్ల గంప మీద ఇప్పుడు పాత గోనె పరిచి ఉంది. పిల్ల గోనె పట్టుకుని చూసి, "తాతా, మూతేది?" అంది. పేతురు వేలెత్తి డాబా వైపు చూపించాడు. పిల్ల పైకి చూసింది, ఏమీ కనిపించలేదేమో, గోనె ఒక పక్కకు లాగి కోళ్లను వదిలి తల్లి దగ్గరికి పోయింది. నవీన రిబ్కమ్మను కావలించుకుని ఏడ్చింది. పేతురుకు "పోయొస్తం కాకా" అని చెప్పింది. మర్యాద ఏమాత్రం తగ్గించలేదు.

ఆటో వెళ్లాక పేతురు వెనక వాటాలోకి వెళ్లాడు. కిరాయిదార్లు వెళ్లాక ఓనర్లు చూసుకునేది చూసుకోవడానికే వెళ్లానని తనకు చెప్పుకున్నాడు. గదులు ఊడ్చి, నీళ్లు పోసి కడిగి ఉన్నాయి. నేల ఇంకా అక్కడక్కడా తడిగా ఉంది. ఎప్పటినుంచో కారే వంటింటి కుళాయికి దారం చుట్టి బిగించి ఉంది, చుక్క పడడం లేదు. ఉబ్బిన మరుగుదొడ్డి తలుపు తోస్తే మెత్తగా మూసుకుంది. ఎవరో అంచును ఓపిగ్గా చెక్కారు. ఇంటికి చెయ్యి పెట్టొద్దని తాను ఎవరికి చెప్పాడో వాళ్లే ఇవన్నీ ఎప్పుడు చేశారో, ఆయనకు చప్పుడు కూడా వినిపించలేదు.

మొల కొట్టిన గోడ దగ్గరికి వెళ్లాడు. బొక్క ఎక్కడుందో కంటికి ఆనలేదు. కళ్లద్దాలు సవరించుకుని, వేలితో తడుముతూ వెతికాడు. ఒకచోట వేలికి నున్నగా తగిలింది. సున్నం కూరి, గోడతో సమంగా అద్ది, ఆరాక రుద్దారు. తాను క్వార్టర్‌లో వదిలేసి వచ్చిన గోడలు, వాటి నిండా పీకిన కొక్కేల బొక్కలు ఆయన కళ్లముందుకొచ్చాయి. ఆ క్వార్టర్‌లోకి ఎవరు వచ్చారో, వాళ్లు ఏ ఆఫీసు చుట్టూ తిరిగారో, ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా తలచుకోలేదు.

వెనకనుంచి రిబ్కమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. "ఏమన్న ఖరాబ్ చేసి పోయిన్రా?" అని అడిగింది.

పేతురు వేలు ఆ నున్నటి చోటు మీదే ఉంచి, గోడ వైపే తిరిగి నిలబడ్డాడు. ఇటు తిరిగితే ఆమె తన ముఖం చూస్తుంది.